ఈవెంట్స్ ప్రాక్టీసులో కడుపు ఉబ్బరం, 1600 టైము దిగట్లేదు – తిండి, పౌడర్లు ఎలా సర్దుకోవాలి?

మెస్_కార్డ్_72
పోలీసు ఉద్యోగాలకి హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుతున్నా, ఈవెంట్స్‌కి, అంటే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలకి, ప్రాక్టీసు చేస్తున్నా. బరువు 72. 1600 మీటర్లు 7:40 దగ్గర ఆగిపోయింది. తెలంగాణ 2022 నోటిఫికేషన్ లెక్కన 7:15 లోపు రావాలి. జిమ్ ట్రైనర్ చెప్పాడని అన్నం మానేశా. ఇప్పుడు నడుస్తున్నది ఇది: పొద్దున నాలుగున్నరకి జీలకర్ర నీళ్లు, నానబెట్టిన పల్లీలు, పచ్చి మొలకలు, రెండు అరటిపళ్లు. ఐదున్నరకి గ్రౌండ్. వచ్చాక పాలల్లో రెండు స్కూపులు వే ప్రొటీన్ (పాల విరుగుడు నీళ్ల నుంచి తీసే ప్రొటీన్ పొడి). మధ్యాహ్నం రాగి సంకటి, రాత్రి జొన్న రొట్టె, ఆకుకూర. వీటికి తోడు ఫ్యాట్ బర్నర్ క్యాప్సూల్, మల్టీ విటమిన్.
రెండో రౌండుకే (రౌండు అంటే 400 మీటర్లు) డొక్కలో పోటు, కడుపులో గుడగుడ. మధ్యాహ్నమంతా ఉబ్బరం. బరువూ కదలట్లేదు. మెటబాలిజం స్లో అయింది, ఇంకో డబ్బా కొను అంటున్నాడు ట్రైనర్. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

సాంబార్_సముద్రం
ముందు ట్రైనర్‌ని తీసెయ్ బ్రో.

ట్రాక్_కేయూ
పైన జోకేసినా అందులో సగం నిజం ఉంది. డొక్కలో పోటు సంగతి ముందు చూద్దాం. పల్లీల్లో సగానికి దగ్గరగా నూనే. నూనె, పీచు రెండూ పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. నాలుగున్నరకి తిన్న పల్లీలు ఐదున్నరకి ఇంకా పొట్టలోనే ఉంటాయి. గట్టిగా ఉరికేటప్పుడు రక్తం కాళ్లకి పోతుంది, పేగులకి తగ్గిపోతుంది. అరగని తిండి, పైన జీలకర్ర నీళ్లు, కింద కుదుపు. గుడగుడ రాకపోతేనే ఆశ్చర్యం.

గంట ముందు తినేది పిండిపదార్థం మాత్రమే ఉండాలి. 1600 కి, తర్వాత చేసే డ్రిల్స్‌కి 30–40 గ్రాములు చాలు. ఒక అరటిపండు మీద చెంచాడు తేనె, లేదా రెండు బ్రెడ్డు ముక్కలు జామ్‌తో. నీళ్లు ఒక గ్లాసు, గుక్కగుక్కగా. లీటరు ఒకేసారి పోసుకుంటే అదే పోటుకి కారణం అవుతుంది. పల్లీలు, మొలకలు సాయంత్రానికి జరుపు.

ఇంకో మాట. 7:40 అంటే రౌండుకి 115 సెకన్లు, 7:15 అంటే 108–109. తేడా ఆరు సెకన్లే. చాలామంది మొదటి రౌండు 95 కి కొట్టి మూడో రౌండులో కూలబడతారు. అది తిండి సమస్య కాదు. మొదటి రౌండు 107 దాటకముందే గీత దాటావంటే వేగం ఎక్కువైనట్టు. గడియారం పెట్టుకుని చూడు.

జొన్నరొట్టె_జిందాబాద్
అంతా బాగుంది కానీ చివరికి మిల్లెట్లదే తప్పు అంటారేమో అని భయంగా ఉంది. తాతల కాలం నుంచి జొన్న గటక తాగి దుక్కి దున్నినోళ్లం. అన్నం మళ్లీ మొదలుపెట్టమనకండి.

పోషణ_లెక్క
తాతలు చిన్నప్పటి నుంచి అదే తిన్నారు. ఈయన మొన్నటిదాకా మెస్ అన్నం తిని ఒక్కసారిగా మారాడు. తేడా అక్కడుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్ల 2017 ఆహార పట్టికల్లో 100 గ్రాములకి రాగుల్లో పీచు 11 గ్రాముల పైన, జొన్నల్లో 10, తెల్ల బియ్యంలో 3 లోపు. రెండు పూటలా మిల్లెట్, దాని మీద మొలకలు, పల్లీలు, ఆకుకూర వేస్తే రోజు పీచు రెండింతలో మూడింతలో పెరిగి ఉంటుంది. పెద్దపేగులో ఉన్న బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. వాటికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

మానక్కర్లేదు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచు. అంటే మొదటి వారం రోజుకి ఒక జొన్న రొట్టె, అంతే. ఇంకో కిటుకు: రాత్రి తిన్న పీచు పొద్దున నువ్వు ఉరికే వేళకి పెద్దపేగులో చేరి పనిలో ఉంటుంది. కాబట్టి మిల్లెట్ మధ్యాహ్నానికి, అన్నం రాత్రికి. టైమ్ ట్రయల్ ఉన్న ముందు రాత్రి అన్నం, పెసరపప్పు, పెరుగు. ఆకుకూర, ఆవకాయ రెండూ వద్దు.

జొన్నరొట్టె_జిందాబాద్
మధ్యాహ్నం సంకటి ఉంచినందుకు ధన్యవాదాలు. ఆవకాయ తీసేసినందుకు కోపం ఉంది.

ల్యాబ్_కోటు
వే సంగతి ఎవరూ ముట్టుకోలేదు. మామూలు రకం వే, అంటే కాన్సెంట్రేట్‌లో స్కూపుకి లాక్టోజ్ గ్రామున్నర, రెండు గ్రాములు ఉంటుంది. 300 మి.లీ. పాలల్లో 14 గ్రాములు. అంటే ఉబ్బరానికి అసలు అనుమానితుడు పౌడర్ కాదు, అది కలిపిన పాలు. దక్షిణాదిలో పెద్దయ్యాక లాక్టోజ్ సరిగా అరగనివాళ్లు చాలా ఎక్కువ. పెరుగు సరిపడుతుంది, పాలు సరిపడవు అనే కేసు ప్రతి ఇంట్లో ఉంటుంది.

నాలుగు రోజులు నీళ్లలో ఒక్క స్కూపు తాగు, ఇంకేదీ మార్చకు. ఉబ్బరం పోతే పాలే. పోకపోతే ఇంకో నాలుగు రోజులు పౌడరే ఆపు. అప్పుడు పోతే ఐసొలేట్‌కి (ఇంకా శుద్ధి చేసిన వే) మారు, అందులో లాక్టోజ్ ఒక శాతం లోపు. దానికీ పోకపోతే పౌడర్‌లో వేసే తీపి, గమ్‌లు చూడాలి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

సాంబార్_సముద్రం
డూప్లికేట్ డబ్బా ఎలా పట్టాలి? మా గల్లీ షాపులో సగం ధరకి ఇస్తున్నారు.

ల్యాబ్_కోటు
సగం ధరే మొదటి గుర్తు. తర్వాత లేబుల్ లెక్క. 30 గ్రాముల స్కూపులో 24 గ్రాముల ప్రొటీన్ అంటే 80 శాతం, కాన్సెంట్రేట్‌కి అది గరిష్ఠం లాంటిది. 33 గ్రాముల స్కూపులో 30 అని రాసి పైన కాన్సెంట్రేట్ అని ఉంటే అబద్ధం. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ ఉంటే జాగ్రత్త. పాత పద్ధతి టెస్టులో నైట్రోజన్ కొలిచి దాన్ని ప్రొటీన్‌గా లెక్క వేస్తారు. చవక అమైనో ఆమ్లాలు కలిపితే నైట్రోజన్ పెరుగుతుంది, పనికొచ్చే ప్రొటీన్ పెరగదు. నీళ్లలో కరుగుతుందా, మంటకి మాడుతుందా అని చూపించే వీడియోలు నమ్మకు, వాటితో ఏమీ తేలదు.

మెస్_కార్డ్_72
పాలు ఆపి చూస్తా. మరి రెండు స్కూపులు ఒకటి చేస్తే ప్రొటీన్ చాలుతుందా? మెస్‌లో పప్పు అంటే పసుపు నీళ్లే.

పోషణ_లెక్క
కిలోకి 1.6 గ్రాములు పట్టుకో. 72 × 1.6 = 115. ఇదిగో లెక్క, అన్నీ సుమారు అంకెలు:
గుడ్లు 4 – 25
పచ్చి బియ్యం కొలతలో 250 గ్రాముల అన్నం – 19
పెరుగు 300 గ్రా. – 10
మీల్‌మేకర్ ఎండువి 50 గ్రా. – 26
పల్చటి పప్పు రెండు పూటలా – 10
పల్లీలు 30 గ్రా. సాయంత్రం – 7
ఒక స్కూపు – 24
మొత్తం 121. పైన స్కూపు అనవసరం. చికెన్ పెట్టే రోజు 150 గ్రాముల ముక్కలు పడితే ఆ ఒక్క స్కూపూ అక్కర్లేదు. మీల్‌మేకర్‌ని వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు పిండి పారబోయాలి. ఆ నీళ్లతో గ్యాస్ చేసే చక్కెరలు కొన్ని పోతాయి. హాస్టల్ రూంలో కెటిల్ ఉంటే ఐదు నిమిషాల పని.

ఫార్మసీ_బాబాయ్
మీరే ఎన్‌ఐఎన్ పేరు చెప్పారు. అదే ఎన్‌ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దు అని రాసింది. అది ఎందుకు చెప్పలేదు?

పోషణ_లెక్క
చెప్పాలి, నిజమే. వాళ్లు దేశం మొత్తానికి రాశారు. మామూలు మనిషికి వాళ్లదే 2020 లెక్క ప్రకారం కిలోకి 0.83 గ్రాములు. ఆ అవసరానికి డబ్బా కొనక్కర్లేదు. పొద్దున ట్రాక్, సాయంత్రం షాట్‌పుట్, జిమ్ చేసేవాడికి అవసరం ఎక్కువ. అది తిండితో వస్తే తిండితోనే. నా లెక్కలో కూడా స్కూపు ఆఖర్న ఉంది, మొదట్లో లేదు.

ఫార్మసీ_బాబాయ్
అదొక్కటి ఒప్పుకోను. మా కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లలు గుడ్లు మానేసి డబ్బా కొంటారు. స్కూపు "ఆఖర్న" ఎవడూ వేసుకోడు.

ఇక ఫ్యాట్ బర్నర్. దాంట్లో ఉండేది ప్రధానంగా కెఫీన్, చాలావాటిలో క్యాప్సూల్‌కి 200 మి.గ్రా. దాకా. గ్రీన్ టీ సారం, కొన్నిట్లో యోహింబిన్ అనే ఉత్తేజకం. గుండె దడ, చెమట వస్తే కొవ్వు కరుగుతోంది అనుకుంటారు. గాఢమైన గ్రీన్ టీ సారంతో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఊరూపేరూ లేని "హెర్బల్" బరువు తగ్గించే మాత్రల్లో మన దేశంలో నిషేధించిన సిబ్యూట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు కలిపి దొరికిన సందర్భాలు బోలెడు. డబ్బా ఈ రోజే పక్కన పెట్టు.

ట్రాక్_కేయూ
కెఫీన్ కావాలంటే కాఫీ ఉంది కదా. కిలోకి 3 మి.గ్రా. అంటే 72 కిలోలకి 216. చిక్కటి ఫిల్టర్ కాఫీ రెండు చిన్న గ్లాసులు దగ్గరదగ్గర. ఉరకడానికి గంట ముందు. కానీ కాఫీకి పేగులు కదులుతాయి, పాలు కలిస్తే ఇంకా. ఈవెంట్ రోజు మొదటిసారి ట్రై చేసి లైన్లో నిలబడి బాత్రూం వెతుక్కునేవాళ్లు ప్రతి రిక్రూట్‌మెంట్‌లోనూ ఉంటారు. ప్రాక్టీసులో బ్లాక్ కాఫీతో మూడు నాలుగు సార్లు సరిపడితేనే ఆ రోజు తాగాలి.

షాట్_ఏలూరు
క్రియేటిన్ (కండరాలకి చటుక్కున శక్తినిచ్చే పదార్థం, పొడిగా అమ్ముతారు) గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. అన్నిటికంటే ఎక్కువ పరిశోధన దాని మీదే జరిగింది. షాట్, లాంగ్‌జంప్ రెండిటికీ ఉపయోగం. మోనోహైడ్రేట్, రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ టైమైనా సరే. ఇంకే రకానికీ ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ట్రాక్_కేయూ
1600 బోర్డర్‌లో ఉన్నవాడికి నేను వద్దంటా. కండల్లో నీరు పట్టి బరువు కిలో రెండు కిలోలు పెరుగుతుంది. ఆ బరువు నాలుగు రౌండ్లు మోయాలి.

షాట్_ఏలూరు
అందరికీ రెండు కిలోలు పెరగదు. లోడింగ్ అని రోజుకి 20 గ్రాములు మింగేవాళ్లకి ఒక్కసారిగా పెరుగుతుంది, వాళ్లకే విరేచనాలు కూడా. ఒక్క మోతాదులో 10 గ్రాములు దాటితే పేగుల్లోకి నీళ్లు లాగుతుంది. 3 గ్రాములతో మొదలుపెడితే కండరాలు నిండటానికి నాలుగు వారాలు పడుతుంది కానీ కడుపు జోలికి రాదు.
7.26 కిలోల గుండు 6 మీటర్లు పడట్లేదంటే క్రియేటిన్ వాడు. గుండు పడుతోంది, ఉరుకుడే సమస్య అంటే ఇప్పుడు వద్దు. వాడి ఆపాలనుకుంటే ఈవెంట్స్‌కి నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఆపితే నిల్వ మామూలు స్థాయికి వచ్చేస్తుంది.

ల్యాబ్_కోటు
క్రియేటిన్ వాడుతూ రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే అంకె) కాస్త ఎక్కువ చూపిస్తుంది. కిడ్నీ పోయిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. వాడుతున్నట్టు డాక్టరుకి ముందే చెప్పాలి. ముందు నుంచీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అసలు మొదలుపెట్టొద్దు.

మెస్_కార్డ్_72
గుండు 6.80 పడుతోంది. అంటే నాకు వద్దు. ఒకడు వంటసోడా తాగితే 1600 లో కాళ్లు బిగుసుకోవు అన్నాడు, అది కూడా బోగస్సేనా?

ట్రాక్_కేయూ
నవ్వొద్దు, అది బోగస్ కాదు. ఒకటి నుంచి ఏడెనిమిది నిమిషాల పాటు గట్టిగా సాగే పోటీల్లో సోడియం బైకార్బనేట్ పనిచేస్తుంది, పై స్థాయి అథ్లెట్లు వాడతారు. రక్తంలో ఆమ్లాన్ని తట్టుకునే శక్తి పెంచుతుంది. మోతాదు కిలోకి 0.3 గ్రాములు. నీకు 21 గ్రాముల పైనే అవుతుంది, అంటే నాలుగు చెంచాల పైమాట. అందులో సోడియమే ఐదు గ్రాముల పైన. చాలామందికి వాంతి, విరేచనం అవుతాయి. ఇప్పటికే కడుపు గోల పెడుతున్నవాడికి అది 6 సెకన్లు తగ్గించదు, 6 నిమిషాలు కూర్చోబెడుతుంది.

సాంబార్_సముద్రం
ఈనో తాగితే?

ల్యాబ్_కోటు
అందులో సోడాతో పాటు సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. బుస్సుమని పొంగడంలోనే బైకార్బనేట్‌లో చాలా భాగం అయిపోతుంది. నీకు మిగిలేది త్రేన్పు.

ఫార్మసీ_బాబాయ్
గ్యాస్ అనగానే గుర్తొచ్చింది. మెస్ బ్యాచ్‌లో సగం మంది పొద్దున లేవగానే పాంటాప్రజోల్ వేసుకుంటారు. అది ఆమ్లాన్ని తగ్గించే మాత్ర, మొలకల ఉబ్బరానికి దాంతో పని లేదు. నెలల తరబడి వాడితే బీ12, ఐరన్, మెగ్నీషియం తగ్గుతాయి. ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకి డాక్టరు రాస్తే తిండికి అరగంట ముందు, రాసినన్ని రోజులే.
అలాగే పిక్క ఎముక నొప్పికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుని గ్రౌండుకి పోవద్దు. పరుగులో పేగులకి రక్తం తగ్గే సమయంలోనే అది పొట్ట గోడని, కిడ్నీని దెబ్బతీస్తుంది. ఎండాకాలంలో ఇంకా ప్రమాదం.

పల్లె_పోషణ
పచ్చి మొలకల గురించి: గ్యాస్ చేసేది రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. మన పొట్టలో వాటిని విరిచే ఎంజైమ్ లేదు. పెసలు తేలిక, శనగలు, రాజ్మా కష్టం. శనగలు 8–12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. నానబెట్టిన నీళ్లతోనే ఉడికిస్తే ఫలితం సగం పోతుంది. మొలకలు కూడా పది నిమిషాలు ఉడకాలి. వెచ్చటి తడి గుడ్డలో గింజతో పాటు బ్యాక్టీరియా కూడా మొలకెత్తుతుంది. పచ్చివి తింటే విరేచనాల రిస్కు నిజంగానే ఉంది.
జీలకర్ర నీళ్లు తాగితే నష్టం లేదు, మెటబాలిజానికి లాభమూ లేదు.

మెస్_కార్డ్_72
మెటబాలిజం టాపిక్ మీదికి రండి. బరువు ఎందుకు కదలట్లేదు మరి?

పోషణ_లెక్క
రోజూ ఒకే టైముకి, టాయిలెట్ తర్వాత తూగి వారం సగటు తీయి. ఒక్కరోజు అంకెకి విలువ లేదు, ఉప్పు ఎక్కువైతేనే కిలో ఊగుతుంది. రెండోది, చాలా తక్కువ తింటే శరీరం తెలియకుండానే కదలిక తగ్గిస్తుంది. పొద్దున గ్రౌండ్, తర్వాత రోజంతా కుర్చీలో చదువు, మధ్యాహ్నం నిద్ర. ఖర్చు అక్కడ పడిపోతుంది. మూడోది, గుప్పెడు పల్లీలంటే 30 గ్రాములు, 170 కేలరీలు. నీ గుప్పెడు ఎంతో కాటా మీద పెట్టి చూడు, చాలామందికి 60 వస్తుంది.
రోజుకి 300–400 కేలరీలు తగ్గించు చాలు, అంతకు మించితే ఉరికేటప్పుడు కాళ్లు లేవవు. అన్నం మానేయడం వల్ల కండల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉన్న పిండిపదార్థం) తగ్గి కూడా మూడో రౌండులో పడిపోతావు.

ల్యాబ్_కోటు
నీరసం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం కూడా ఉంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఒకసారి చేయించు. నీ మల్టీ విటమిన్‌లో బయోటిన్ ఎంత ఉందో చూడు. జుట్టు కోసం అమ్మేవాటిలో 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది, అది థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తుంది. రెండు మూడు రోజుల ముందు ఆపి శాంపిల్ ఇవ్వాలి.

సాంబార్_సముద్రం
ఎండాకాలం గ్రౌండ్‌లో ఓఆర్ఎస్ టెట్రా ప్యాక్ తాగొచ్చా?

ఫార్మసీ_బాబాయ్
అసలు ఓఆర్ఎస్ ఏదో ముందు చూడు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లీటరుకి 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6. ఆ పేరు పెట్టుకుని అమ్మిన తియ్యటి డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ ఒకరు ఏళ్ల తరబడి కొట్లాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా ఆపింది. పొడి ప్యాకెట్టు కొని, దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలుపు. సగం నీళ్లలో కలిపితే దాహం తీరదు, విరేచనాలు పడతాయి.
7 నిమిషాల పరుగుకి అసలు అక్కర్లేదు. గంట దాటిన ఎండ ప్రాక్టీసుకి మాత్రమే. ఉప్పేసిన మజ్జిగ కూడా పనికొస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం.

ఎనిమిదొందల_రాణి
అన్నలు అందరూ 1600 మీదే ఉన్నారు. అమ్మాయిలకి 800 మీటర్లు 5:20. ఊపిరి ఆడట్లేదు, మెట్లెక్కినా ఆయాసం అనే అమ్మాయిలు మా బ్యాచ్‌లో చాలామంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపు పాడైపోతోంది. ఏం చేయాలి?

ల్యాబ్_కోటు
ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపేది) రెండూ చేయించండి అక్కా. హిమోగ్లోబిన్ 12 పైన ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు చేయిస్తే ఫెరిటిన్ ఎక్కువ చూపిస్తుంది, తగ్గాక చేయించాలి. టెస్టు లేకుండా నెలల తరబడి ఐరన్ మింగొద్దు.

ఫార్మసీ_బాబాయ్
లోపం తేలాక డాక్టరుని అడిగి రోజు విడిచి రోజు వేసుకోండి. రోజూ వేస్తే మొదటి మాత్ర తర్వాత హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి రెండోదాన్ని సరిగా పట్టనివ్వదు. పట్టనిది పేగుల్లో మిగిలి మలబద్ధకం, వికారం చేస్తుంది. రోజు విడిచి వేస్తే పట్టేది ఎక్కువ, గోల తక్కువ.
పరుగు తర్వాత మూడు నుంచి ఆరు గంటల్లో కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. అందుకని గ్రౌండ్ నుంచి రాగానే అరగంటలోపు, నిమ్మరసంతో. టీ కాఫీలు ముందూ వెనకా గంట దూరం. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, మాత్ర వల్లే. మాత్ర వేసుకోకుండా నల్లగా వస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎనిమిదొందల_రాణి
హాస్టల్లో టిఫిన్‌తో పాటే టీ పోస్తారు, తర్వాత అడిగితే ఉండదు. ఫ్లాస్క్ కొనాలన్నమాట. కాల్షియం మాత్ర కూడా రాశారు, రెండూ కలిపి వేసుకోవచ్చా?

ఫార్మసీ_బాబాయ్
వద్దు తల్లీ, కాల్షియం ఐరన్‌ని అడ్డుకుంటుంది. ఐరన్ పొద్దున, కాల్షియం రాత్రి భోజనంతో. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లెవరైనా ఉంటే దానికీ ఈ రెండిటికీ నాలుగు గంటల దూరం.